రాతిముక్క మీద నాన్న పేరు

మధ్యాహ్నం గంట కొట్టగానే ఐదో తరగతి పిల్లలందరూ కేరేజీలు పట్టుకుని వరండాలోకి పరుగెత్తారు. ఏంజెల్ మాత్రం నెమ్మదిగా లేచింది. పరుగెత్తినా పక్కన కూర్చునేవాళ్లు లేరు.

వేసవి సెలవుల ముందు వరకు ఆ పక్క చోటు బన్నీది. బన్నీ ఆమె పెదనాన్న కొడుకు. ఇద్దరూ పది రోజుల తేడాతో పుట్టారు. ఏంజెల్ కేరేజీలో చేపల వేపుడు ఉంటే సగం బన్నీది. బన్నీ కేరేజీలో కోడిగుడ్డు ఉంటే సగం ఏంజెల్‌ది. ఇప్పుడు బన్నీ వరండా ఆ చివర, గోడవైపు తిరిగి తింటున్నాడు.

మూడు రోజుల నుంచి ముసురు. బడి ముందున్న కొబ్బరిచెట్ల మట్టలన్నీ తడిసి కిందికి వేలాడుతున్నాయి.

ఏంజెల్ ధైర్యం చేసి బన్నీ దగ్గరికి వెళ్లింది.

"మామిడికాయ పప్పు తెచ్చేను. వేసుకుంటావా?"

"నీతో మాట్లాడొద్దంది మా అమ్మ," అన్నాడు బన్నీ. అని ఊరుకోలేదు. "వచ్చే వారం శనివారం నాయనమ్మ కూడిక మా ఇంట్లో పెడుతున్నాం. మిమ్మల్ని పిలవం."

"మా ఇంట్లోనూ పెడుతున్నాం. సాయంత్రం."

"మాది పొద్దున్నే."

నాయనమ్మ పోయి రెండేళ్లవుతోంది. ఏటా ఆమె పోయిన రోజున చుట్టాలంతా చేరి పాటలు పాడి, ప్రార్థన చేసుకుని, కలిసి భోజనం చేస్తారు. అదే కూడిక. కిందటేడు ఒక్కటే కూడిక జరిగింది. ఏంజెల్, బన్నీ కలిసి అందరికీ మంచినీళ్లు అందించారు.

"ఒక్క నాయనమ్మకి రెండు కూడికలేంటే?" అన్నాడు బన్నీ, మెల్లగా.

జవాబు ఏంజెల్‌కు తెలుసు. అది ఇంట్లో, పాత పుస్తకాల పెట్టె అడుగున, చిరిగిన మేజోడులో చుట్టి ఉంది.

*

ఇది ఈస్టరుకు ముందురోజు జరిగిన సంగతి.

ఈస్టరు ఆదివారం తెల్లవారకముందే వాళ్ల ఊళ్లో అందరూ కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వెళ్తారు. అందుకని శనివారమే సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెడతారు. నాయనమ్మ సమాధికి సున్నం వెయ్యడానికి రెండు ఇళ్లవాళ్లూ వచ్చారు.

ఆ సమాధి తలవైపు పాలరాతి పలక ఉంది. దాని మీద నాయనమ్మ పేరు, రాహేలు అని పెద్ద అక్షరాలతో చెక్కించారు. అడుగున చిన్న అక్షరాలతో "కుమారులు: దానియేలు, శ్యామ్ బాబు" అని ఉంటుంది. దానియేలు అంటే పెదనాన్న. శ్యామ్ బాబు అంటే ఏంజెల్ వాళ్ల నాన్న.

"మన పేర్లెందుకురా, అమ్మ పేరు చాలు కదా," అన్నాడట పెదనాన్న, ఆ పలక చెక్కించేటప్పుడు. నాన్న వినలేదు. పట్టుబట్టి పేర్లు పెట్టించాడు.

ఆ శనివారం మధ్యాహ్నం పెద్దవాళ్లందరూ భోజనానికి వెళ్లారు. బన్నీ నీళ్లకు బోరింగు దగ్గరికి వెళ్లాడు. పలక వెనకున్న సిలువకు కాగితం పూలదండ కట్టాలని ఏంజెల్‌కు సరదా పుట్టింది. చెయ్యి అందలేదు. "సమాధి మీద కాలు పెట్టకూడదమ్మా" అని నాన్న పొద్దుటి నుంచి మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ ఆమె బుద్ధిగా తలూపింది. ఇప్పుడు చెప్పులు విప్పేసి, దండ ఉన్న ఇనప బకెట్టు చేత్తో పట్టుకుని సమాధి ఎక్కింది.

దండ కట్టింది. దిగుతుంటే బకెట్టు చేతిలోంచి జారి పలక అంచు మీద పడింది.

కుడివైపు మూల, అరచేయంత ముక్క, శుభ్రంగా విరిగి గడ్డిలో పడింది. ఏంజెల్ తీసి చూసింది. దాని మీద "శ్యామ్ బాబు" అని ఉంది. ఒక్క అక్షరం కూడా చెడిపోలేదు.

బన్నీ నీళ్లు పట్టుకుని వచ్చేసరికి ఆ ముక్క ఆమె గౌను జేబులో ఉంది. విరిగిన చోట బంతిపూలు గుత్తంగా పేర్చి ఉన్నాయి.

"భలే పెట్టేవే పూలు!" అన్నాడు బన్నీ.

మర్నాడు చీకట్లో, కొవ్వొత్తుల వెలుగులో, ఎవరూ చూడలేదు. వారం తిరిగేసరికి పూలు ఎండి రాలిపోయాయి. నాన్న చూశాడు.

అమ్మ సమాధి మీంచి తన పేరొక్కటే పోయింది. పెదనాన్న పేరు పదిలంగా ఉంది. ఆ శనివారం సాయంత్రం పెదనాన్న ఒక్కడే ఉలి, సుత్తి పట్టుకెళ్లి సమాధి మెట్టు బాగుచేశాడని ఊరందరికీ తెలుసు. ఇంకేం కావాలి? నాన్న మనసులో రెండూ రెండూ కలిపితే ఐదైంది.

ఆ రోజు పెదనాన్న వాకిట్లో జరిగిన గొడవ ఏంజెల్ ఇంకా మర్చిపోలేదు.

"పేర్లు వద్దన్నావు. నేను వినలేదని నా పేరు కొట్టేసేవు. అంతే కదన్నయ్యా?"

"నేను కాదురా."

"అయితే అమ్మ మీద ఒట్టెయ్యి."

పెదనాన్న ఒట్టు వెయ్యలేదు. ఒట్లు పెట్టుకోకూడదని, అవునంటే అవును, కాదంటే కాదు అని చెప్పాలని నాయనమ్మ ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ నేర్పింది. "కాదన్నాను కదా. అమ్మ అంతే చెప్పమంది," అన్నాడు పెదనాన్న. ఆ ఒట్టు వెయ్యకపోవడాన్నే నాన్న తప్పు ఒప్పుకోవడం కింద లెక్కేశాడు.

అక్కడే నిలబడి ఉంది ఏంజెల్. దొంగకు తేలు కుట్టినట్టు, కిక్కురుమనలేదు. ఇప్పుడు చెబితే నాన్న కొడతాడు, రేపు కోపం తగ్గాక చెబుదాం అనుకుంది. రేపు అలాగే అనుకుంది. ఎల్లుండి కూడా. అలా మూడు నెలలు గడిచాయి.

నెలలో మొదటి ఆదివారం చర్చిలో ప్రభు బల్ల ఉంటుంది. ఎవరితోనైనా విరోధం ఉంటే ముందు సమాధానపడి, ఆ తర్వాతే రొట్టె, ద్రాక్షరసం తీసుకోమంటారు పాస్టరు అయ్యగారు. మూడు నెలలుగా నాన్న ఈ బెంచీలోంచి లేవడం లేదు, పెదనాన్న ఆ బెంచీలోంచి లేవడం లేదు. అందరూ లేచి వెళ్తుంటే ఇద్దరన్నదమ్ములూ తల దించుకుని కూర్చుంటారు. వాళ్ల సంగతి ఊరికి చెప్పడానికి వేరే టముకు అక్కర్లేకపోయింది.

*

"ఒక్క నాయనమ్మకి రెండు కూడికలేంటే?" అన్న మాట ఏంజెల్‌ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. తెల్లారేసరికి ఒక ఉపాయం తట్టింది. చెప్పకుండానే బాగుచేసేస్తే?

ఆ రోజు శనివారం. బడి వదిలాక భీమరాజుగారి కొట్లో జిగురు కొంది. పెట్టె అడుగు నుంచి రాతిముక్క తీసింది. గొడుగేసుకుని సమాధుల తోటకు వెళ్లింది. గౌను అంచుతో రాయి తడి తుడిచి, జిగురు రాసి, ముక్కను అతికించి, వంద లెక్కపెట్టే వరకు నొక్కి పట్టుకుంది.

అతుక్కుంది! సన్నటి గీత తప్ప ఏమీ తెలియడం లేదు. మళ్లీ ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఏంజెల్ ఇంటికి గెంతుకుంటూ వెళ్లింది. మూడు నెలల తర్వాత ఆ రాత్రి కడుపు నిండా అన్నం తింది.

ఆదివారం చర్చి అయ్యాక నాన్న కొడవలి తీసుకుని, సమాధి చుట్టూ గడ్డి కొయ్యడానికి వెళ్లాడు. ఏంజెల్ లెక్కల పుస్తకం ముందేసుకుని గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. నాన్న నవ్వుతూ వస్తాడు. "పద, పెదనాన్న దగ్గరికి వెళ్దాం" అంటాడు.

నాన్న వచ్చాడు. కొడవలికి ఒక్క గడ్డిపరక అంటుకుని లేదు. మొహం నల్లగా మాడిపోయి ఉంది.

"అతికించేసేడు," అన్నాడు అమ్మతో. "కూడిక దగ్గర పడేసరికి భయమేసినట్టుంది. ఇన్నాళ్లూ ఇంట్లో దాచుకున్నాడన్నమాట!"

"మంచిదే కదండీ," అంది అమ్మ. "ఇకనైనా కలిసిపొండి."

"మంచిదా? ఇన్నాళ్లూ ఏ మూలో చిన్న ఆశ ఉండేది నాకు, అన్నయ్య కాదేమో, నేనే పొరపాటు పడ్డానేమోనని. ఇప్పుడు అదీ పోయింది."

నాన్న పెరట్లోకి వెళ్లి, వానలోనే చాలాసేపు నిలబడ్డాడు. ఏంజెల్ పెన్సిలు పట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆ చిన్న ఆశను కూడా తనే జిగురు రాసి మరీ పోగొట్టింది.

సోమవారానికి ఆ కబురు బడి దాకా వచ్చింది. ముందు బెంచీలో కూర్చునే పింకీ వెనక్కి తిరిగి అడిగింది.

"బన్నీ, మీ నాన్న సమాధి రాయి దొంగిలించి, మళ్లీ పెట్టేసేరంట కదా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. బన్నీ మామూలుగా అయితే ఊరుకునేవాడు కాదు. ఆ రోజు బల్ల మీద తల వాల్చేశాడు.

"మా నాన్న తియ్యలేదు," అన్నాడు, తల ఎత్తకుండానే. "నాకు తెలుసు. మా నాన్న తియ్యలేదు."

ఆ గొంతు వింటే ఏంజెల్‌కు ఏడుపొచ్చింది. అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు. కానీ అది బల్లగుద్ది చెప్పగలిగిన మనిషి ఒక్కతే, ఆ ఒక్కతే నోరు మూసుకుని కూర్చుంది.

*

నాన్న పక్క ఊళ్లో బడిపంతులు. సాయంత్రం వచ్చి రెయిన్‌కోటు విప్పుతుండగా ఏంజెల్ ఎదురుగా వెళ్లి నిలబడింది.

"నాన్నా, రాయి పగలగొట్టింది నేను."

"ఏ రాయి?"

"నాయనమ్మ రాయి. ఈస్టరు ముందురోజు సమాధి ఎక్కేను. బకెట్టు పడిపోయింది. ముక్క దాచేసేను. మొన్న అతికించింది కూడా నేనే. పెదనాన్న కాదు."

నాన్న రెయిన్‌కోటు ఒక చెయ్యి విప్పి, రెండో చెయ్యి విప్పడం మర్చిపోయాడు.

"మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పింది. ఈసారి ఏడుస్తూ చెప్పింది. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఎంత పని చేసేవే! ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావే!" అంటూ చెయ్యెత్తింది. నాన్న ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"దాన్నేం అనకు. ఒట్టెయ్యమని అడిగింది అది కాదు, నేను." కుర్చీలో కూలబడ్డాడు. నాన్న మొహం చూడడం దెబ్బ కంటే కష్టంగా ఉంది ఏంజెల్‌కు. చాలాసేపటికి అన్నాడు. "రేపు వెళ్లి చెబుదాం అన్నయ్యకి."

"ఇప్పుడే వెళ్దాం నాన్నా," అంది ఏంజెల్. "రేపైతే మళ్లీ భయమేస్తుంది నాకు."

పెదనాన్న ఇల్లు రెండు వీధుల అవతల, పంటకాలువ పక్కన. ఆయన కరెంటాఫీసులో లైన్‌మ్యాన్. అప్పుడే డ్యూటీ దిగి, అరుగు మీద కూర్చుని చేతి తొడుగులు ఆరబెడుతున్నాడు. తమ్ముణ్ణి చూసి లేవలేదు, కూర్చోమనలేదు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడింది. ఆమె వెనక బన్నీ.

నాన్న వాకిట్లోనే ఆగిపోయాడు. ఏంజెల్ ఒక్కతే మెట్టెక్కి, జరిగిందంతా చెప్పింది.

పెదనాన్న అంతా విన్నాడు.

"ఆ బకెట్టు నీ కాలి మీద పడలేదు కదా?" అన్నాడు.

తిట్లకు సిద్ధపడి వచ్చిన ఏంజెల్ ఆ మాటకు సిద్ధంగా లేదు. "లేదండీ" అని వెక్కి వెక్కి ఏడ్చింది. పెదనాన్న భుజం మీద తువ్వాలు తీసి ఆమె తల తుడిచాడు.

"అన్నయ్యా," అన్నాడు నాన్న, వాకిట్లోంచి. "తప్పయిపోయింది."

పెదనాన్న అటు చూడలేదు. ఏంజెల్‌తోనే అన్నాడు.

"నువ్వు పదేళ్లదానివి. తిడతారని దాచేవు. అది నాకర్థమైందమ్మా. నలభై ఏళ్లు నన్ను చూసినవాడు, అమ్మ రాయి మీద నేను సుత్తి వేసేనని ఎలా నమ్మేడో, అది మాత్రం అర్థం కావట్లేదు. మీ నాన్నకి చెప్పు, కూడిక ఒక్కటే. ఇక్కడే, సాయంత్రం. అయ్యగారికి కబురు పెట్టమను."

అని లోపలికి వెళ్లిపోయాడు. మాటలు నాన్నకే, కానీ నాన్నతో కాదు.

బన్నీ గుమ్మంలోంచి కదలలేదు. "పొద్దున్న నన్నంత మాటంటుంటే నువ్వు విన్నావు," అన్నాడు.

"ఊఁ."

"విని ఊరుకున్నావు."

బన్నీ తలుపు వెనక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు బడిలో ప్రార్థన అయ్యాక ఆమె పింకీ బెంచీ దగ్గరికి వెళ్లి, అందరికీ వినపడేలా చెప్పింది. "రాయి విరగ్గొట్టింది నేను. వాళ్ల నాన్న కాదు." పింకీ నోరు తెరుచుకుని చూసింది. బన్నీ విన్నాడు. అయినా మధ్యాహ్నం వరండా చివర, గోడవైపు తిరిగే తిన్నాడు. బుధవారమూ అంతే. గురువారమూ అంతే. నిజం చెప్పగానే అంతా సర్దుకుంటుందని ఎందుకనుకుందో ఏంజెల్‌కు తెలియలేదు.

*

శనివారం సాయంత్రం పెదనాన్న వాకిట్లో టెంటు వేశారు. నలభై మంది దాకా వచ్చారు. పాటలు పాడారు. అన్నదమ్ములిద్దరూ ఒకే చాప మీద కూర్చున్నారు, కానీ మధ్యలో అయ్యగారు ఉన్నారు.

ప్రార్థనకు ముందు నాన్న లేచి నిలబడ్డాడు. ముప్ఫై మంది పిల్లలకు రోజూ పాఠం చెప్పే మనిషికి మాట తడబడింది.

"మా అన్నయ్య మీద లేని నింద వేసేనండీ. ఊరంతా చెప్పేను. అందుకని ఊరి ముందే చెబుతున్నాను. ఆయన ఏ తప్పూ చెయ్యలేదండీ."

పెదనాన్న చాప వైపే చూస్తూ కూర్చున్నాడు. అందరూ ఎదురుచూశారు. చివరికి అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు.

భోజనాలప్పుడు అరుగు మీద పిల్లలకు పని చెప్పారు. బన్నీకి మంచినీళ్లు. ఏంజెల్‌కు ఆవకాయ. ఆవకాయ ఉన్నది నాయనమ్మ జాడీలో. పైన గోధుమరంగు, కింద తెలుపు. ఆ ఇంట్లో నాయనమ్మ వస్తువని మిగిలింది అదొక్కటే. "రెండు చేతులతో పట్టుకోవే, జాగ్రత్త," అంది పెద్దమ్మ.

రెండు చేతులతోనే పట్టుకుంది ఏంజెల్. కానీ జాడీకి నూనె కారి ఉంది. అరుగు అంచు దగ్గర చేతిలోంచి జర్రున జారింది.

ఫెళ్లున పగిలింది.

ఎర్రటి నూనె, ముక్కలు, పెంకులు అరుగంతా చిందాయి. అందరూ తలలు తిప్పారు. పక్కనే నీళ్ల జగ్గు పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు బన్నీ.

"బన్నీ!" అని లోపలి నుంచే కేకేసింది పెద్దమ్మ. "గెంతకురా అని ఎన్నిసార్లు చెప్పేను! మీ నాయనమ్మ జాడీ రా అది!"

అందరూ బన్నీ వైపు చూస్తున్నారు. నాన్న కూడా బన్నీ వైపే చూస్తున్నాడు. నలభై మంది.

"నేనేనండీ పెద్దమ్మా," అంది. గొంతు పలచగా వచ్చింది. గట్టిగా మళ్లీ చెప్పింది. "బన్నీ కాదు. నా చెయ్యి జారింది. నేనే పగలగొట్టేను."

టెంటు మీద చినుకుల చప్పుడు వినిపించింది. పెదనాన్న విస్తరి ముందు నుంచి లేచి వచ్చాడు. పగిలిన జాడీని చూశాడు. ఏంజెల్‌ను చూశాడు. వాళ్లమ్మ వస్తువది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎక్కడి పిల్లలు అక్కడే ఉండండి. కాళ్లకి గుచ్చుకుంటాయి," అన్నాడు. తర్వాత తల తిప్పకుండా, మామూలు గొంతుతో, ఎప్పుడూ పిలిచేటట్టే పిలిచాడు.

"ఒరే శ్యామూ, ఆ చీపురందుకో."

నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తనతోనే అన్నాడా అన్నట్టు అటూ ఇటూ చూశాడు. మూడు నెలల తర్వాత అన్నయ్య తనతో అన్న మొదటి మాట అది.

"ఆయ్, తెస్తున్నానన్నయ్యా," అని ఎంగిలి చేత్తోనే లేచాడు.

నాన్న ఊడ్చాడు. పెదనాన్న పెద్ద పెంకులు ఏరాడు. ఏంజెల్ చేట పట్టుకుని కింద కూర్చుంది. ఆమె వేళ్ల పక్కన ఒక వాడి పెంకు మిగిలి ఉంటే, బన్నీ నీళ్ల జగ్గు కింద పెట్టి వచ్చి దాన్ని తీశాడు.

"అటు పక్క ఇంకోటుంది," అన్నాడు. "చూసుకోవే."